ధ్రువయాత్రలు – 9: నీటిరంగుల సాక్ష్యం

వాయవ్య మార్గం కోసం బ్రిటిష్ నౌకాదళం ఎందుకంత పట్టుబట్టిందో, నెపోలియన్ యుద్ధాలు ముగిసి ఓడలూ అధికారులూ పనిలేక మిగిలిపోయాక ఆ పట్టు ఎలా బిగిసిందో గత భాగంలో చూశాం. ఆ యాత్రల్లో చాలావాటికి వెతికిన దారి దొరకలేదు. అయినా అవి వట్టి చేతులతో తిరిగిరాలేదు. పటాలు, దినచర్యలు, రాళ్లు, ఎండబెట్టిన మొక్కలతో పాటు కట్టలకొద్దీ నీటిరంగుల చిత్రాలు తెచ్చాయి. కేంబ్రిడ్జిలోని స్కాట్ ధ్రువ పరిశోధన సంస్థలోనూ, గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలోనూ, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర గ్రంథాలయంలోనూ అవి ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. చరిత్ర పుస్తకాలు వాటిని ఎక్కువగా అట్టమీద బొమ్మలుగానే వాడుకున్నాయి. వాదనంతా అక్షరాల్లో నడుస్తుంది, చిత్రం పక్కన అలంకారంగా నిలబడుతుంది. ఇది సరికాదని నా వాదన. తొలి ధ్రువయాత్రల నీటిరంగులు పత్రాలతో సమానమైన సాక్ష్యాలు. అయితే సాక్షులందరి మాటకూ ఒకే విలువ ఉండదు. ఒక చిత్రం ఎంత నమ్మదగినదో తేల్చేది దాని అందమూ కాదు, చిత్రకారుడి పేరూ కాదు. చూసిన చోటికీ కాగితానికీ మధ్య ఎంత దూరం ఉంది, ఎన్ని చేతులు పడ్డాయి అన్నదే దాన్ని తేలుస్తుంది.

ముందుగా, ఓడవాళ్లకు బొమ్మలు వేసే పని ఎందుకు పడిందో తెలియాలి. అది తీరిక వేళ సరదా కాదు, కొలువులో భాగం. కొత్త తీరం కనబడగానే ఓడ మీదనుంచి కనిపించే కొండల వరసను సన్నని పొడుగాటి పట్టీలా గీసి, ఒక్కో శిఖరం మీద దిక్సూచి చూపే దిక్కునూ, తీరం ఎంత దూరాన ఉందో ఆ అంచనానూ రాసేవారు. తరవాత అదే నీళ్లలోకి వచ్చిన ఓడ ఆ పట్టీని ఎదుటి తీరంతో పోల్చుకుని తానెక్కడున్నదో తెలుసుకునేది. కొండ ఆకారం తప్పు గీస్తే ఓడ రాళ్ల మీదికి పోతుంది. ఈ తీరచిత్రాల విలువ బాగా ఎరిగినవాడు అలెగ్జాండర్ డాల్రింపుల్. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ రైటరుగా జీవితం మొదలుపెట్టి, కోరమాండల్ తీరంతో సహా తూర్పు సముద్రాల పటాలెన్నో అచ్చువేయించి, 1795లో బ్రిటిష్ నౌకాదళపు తొలి హైడ్రోగ్రాఫర్ అయ్యాడాయన. పోర్ట్స్‌మౌత్‌లోని నౌకాదళ విద్యాలయంలో కుర్రాళ్లకు బొమ్మలు నేర్పడానికి ప్రత్యేకంగా ఉపాధ్యాయుడు ఉండేవాడు. 1811 నుంచి 1836 దాకా ఆ పని చేసిన జాన్ క్రిస్టియన్ షెట్కీ సముద్ర చిత్రాలకు పేరుపడ్డవాడు. అందుకే ధ్రువచిత్రాల కింద కనిపించే పేర్లలో వృత్తి చిత్రకారులు తక్కువ. లెఫ్టినెంట్లు, ఓడ డాక్టర్లు, సెకండ్ మాస్టర్లు ఎక్కువ.

నీటిరంగులే ఎందుకంటే, ఓడ మీద మరో మాధ్యమం పనికిరాదు గనుక. తైలవర్ణాలు ఆరడానికి రోజులు పడుతుంది, కాన్వాసుకు చోటు కావాలి. 1780ల నాటికి లండన్‌లో రీవ్స్ సోదరులు గట్టి బిళ్లలుగా చేసిన నీటిరంగులు అమ్ముతున్నారు. ఆ తయారీకి 1781లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ బహుమతి కూడా వచ్చింది. చిన్న పెట్టె, రెండు కుంచెలు, గుక్కెడు నీళ్లు ఉంటే చాలు. కాగితం నిమిషాల్లో ఆరిపోతుంది, మడిచి పుస్తకంలో పెట్టుకోవచ్చు. యాత్ర ముగియగానే ఓడలో ఎవరి దగ్గరున్న దినచర్యలైనా, పటాలైనా, చిత్రాలైనా నౌకాదళ కార్యాలయానికి అప్పగించాలన్న ఆదేశం ఈ యాత్రలన్నిటికీ మామూలే. చిత్రాన్ని లాగ్‌బుక్కుతో ఒకే వరసలో పెట్టిన ఆ ఆదేశమే నా వాదనకు మొదటి ఆధారం. చిత్రాలు సాక్ష్యాలన్నది మనం ఇవాళ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. వాటిని వేయించినవాళ్లు మొదటినుంచీ అలాగే చూశారు.

ఒక కాగితాన్ని దగ్గరగా చూద్దాం. దక్షిణాన పెద్ద ఖండం ఉండి తీరుతుందని డాల్రింపుల్ గట్టిగా వాదిస్తున్న రోజుల్లో, ఆ మాట తేల్చుకోవడానికి కెప్టెన్ జేమ్స్ కుక్ 1772 జులైలో రిజల్యూషన్, అడ్వెంచర్ ఓడలతో బయలుదేరాడు. చిత్రకారుడిగా విలియం హాడ్జెస్ వెంట వెళ్లాడు. 1773 జనవరిలో, 61 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, ఓడల్లో మంచినీళ్లు తగ్గాయి. పడవలు దింపి, మంచుకొండల నుంచి విరిగి తేలుతున్న గడ్డలను ఏరి ఓడలోకి చేరవేశారు. కరిగిస్తే దాదాపు 15 టన్నుల మంచినీళ్లు వచ్చాయని కుక్ రాసుకున్నాడు. ఉప్పు సముద్రంలో తేలే గడ్డ తియ్యటి నీళ్లు ఇస్తుందా అన్న సందేహం అప్పట్లో పండితులకు కూడా ఉండేది. ఆ పని జరుగుతుండగా కనబడ్డ దృశ్యాన్ని హాడ్జెస్ పలచటి రంగులతో వేశాడు. ఎత్తయిన మంచుకొండ, దాని ముందు బొమ్మల్లా చిన్నవైపోయిన ఓడలు, గడ్డలు ఏరుతున్న పడవలు అందులో ఉన్నాయి. మంచును తెల్లగా వదిలేయకుండా నీలం, బూడిదరంగు నీడలతో నింపాడు. చిత్రం మీద తేదీ జనవరి 4 అని ఉంది. కుక్ దినచర్యలో మంచు ఏరిన రోజు జనవరి 9. ఈ అయిదు రోజుల తేడా చూసి సాక్షి అబద్ధాలకోరని కొట్టిపారేయనక్కర్లేదు. తేదీ రాసిన చెయ్యి లెక్క తప్పిందని తెలుస్తుంది, అంతే. తేదీ కోసం లాగ్‌బుక్కు చూడాలి. గడ్డ ఎంత ఉంది, పడవలు కొండకు ఎంత దగ్గరగా వెళ్లాయి, ఆ మబ్బు వెలుతురులో మంచు ఏ రంగులో కనబడింది అన్నవాటికి చిత్రం చూడాలి. ఒక్కో సాక్షి ఒక్కో సంగతికి పనికొస్తాడు.

ఇప్పుడు ఆ కాగితం జనంలోకి వెళ్లిన దారి చూడండి. కుక్ యాత్రా గ్రంథం కోసం ఆ దృశ్యాన్ని లండన్‌లో బెంజమిన్ పౌన్సీ రాగిరేకు మీద చెక్కాడు. దానికి జనవరి 9 అన్న తేదీ పడింది, రంగు మాత్రం పోయింది. పాఠకులు చూసినది ఈ రెండో రూపాన్నే. 1818లో స్పిట్స్‌బర్గెన్ వైపు వెళ్లిన యాత్రలో లెఫ్టినెంట్ ఫ్రెడరిక్ బీచీ వేసిన బొమ్మలైతే, మరుసటి ఏడాదికల్లా లండన్ లెస్టర్ స్క్వేర్‌లో చుట్టూ తిరిగి చూసే బ్రహ్మాండమైన పనోరమాగా మారాయి. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం గోడల నిండా మంచు చూసి ముచ్చటపడ్డారు. 1850లో లెఫ్టినెంట్ విలియం బ్రౌన్ చిత్రాలకూ అదే యోగం పట్టింది. కాగితం మీద జానెడు ఉన్న మంచుకొండ ప్రదర్శనశాలలో ఇంటికప్పు తాకినప్పుడు, ఖాళీలు నింపినవాడు ధ్రువం మొహం చూడని కూలి చిత్రకారుడు. ఈ దారికి చివరి కొసన కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1823–24లో వేసిన మంచుసముద్రం ఉంటుంది. ఆయన ఆర్కిటిక్ వెళ్లలేదు, ఎల్బే నదిలో గడ్డకట్టిన పలకలను చూసి వేశాడు. అది గొప్ప చిత్రమే, ధ్రువం గురించి మాత్రం ఏ సాక్ష్యమూ ఇవ్వదు. ధ్రువచిత్రాలు అతిశయోక్తులన్న నింద చాలావరకు ఈ రెండో, మూడో రూపాల వల్ల వచ్చింది. నింద మోయాల్సింది అచ్చుబొమ్మలూ పనోరమాలూ అయితే, శిక్ష ఓడలో తడిసిన అసలు కాగితాలకు పడింది.

ఇక్కడ అందరికంటే గట్టి ఆక్షేపణ ఒకటి లేస్తుంది. అక్కడే, ఆ క్షణంలోనే చూసినవాడు గీసిన బొమ్మ కూడా పచ్చి తప్పు కావచ్చు కదా? అయింది కూడా. 1818 ఆగస్టు 31న జాన్ రాస్ ఇసబెల్లా ఓడ మీద లాంకాస్టర్ జలసంధిలోకి ప్రవేశించాడు. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు పొగమంచు కాస్త విడిపోగా, ఎదురుగా దారిని అడ్డగిస్తూ ఈ కొసనుంచి ఆ కొసదాకా పర్వతాల వరస కనబడిందన్నాడు. నౌకాదళ కార్యదర్శి జాన్ విల్సన్ క్రోకర్ పేరు ఆ కొండలకు పెట్టి ఓడ వెనక్కి తిప్పేశాడు. 1819లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ దృశ్యం రోజూ గంటా సహా చిత్రంగా అచ్చయింది. వెనకాల అలెగ్జాండర్ ఓడలో వస్తున్న ఎడ్వర్డ్ పారీకి ఆ కొండలు కనబడలేదు. అదే యాత్రలో ఉన్న ఎడ్వర్డ్ సబీన్ తరవాత బాహాటంగానే రాస్‌తో విభేదించాడు. 1819 ఆగస్టులో పారీ హెక్లా, గ్రైపర్ ఓడలతో అదే జలసంధిలోకి వెళ్లి, పర్వతాలు ఉండాల్సిన చోటు మీదుగా తెరచాపలెత్తి సాగిపోయాడు. సెప్టెంబరు 4న 110 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దాటి 5,000 పౌన్ల బహుమతి గెలిచాడు. క్రోకర్ కొండలు లేవు. రాస్ పరువు మళ్లీ కోలుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది.

అయితే ఈ కథ చిత్రసాక్ష్యాన్ని కూలదోస్తుందా? జాగ్రత్తగా చూస్తే నిలబెడుతుంది. ధ్రువసముద్రాల మీద గాలి పొరలు చేసే మాయ మన ఎండాకాలపు ఎండమావికి తలకిందులు. కాలిన రోడ్డు మీద వేడిగాలి కింద ఉంటుంది గనుక ఆకాశపు ముక్క నేలమీద నీళ్లలా కనబడుతుంది. మంచు మీద చల్లగాలి కింద, వెచ్చని గాలి పైన ఉంటాయి గనుక దిగంతం అవతల ఉన్న వస్తువు పైకి లేచి కనబడుతుంది, ఒక్కోసారి సాగి గోడలా నిలబడుతుంది. 1822 జులైలో తిమింగలాల వేటగాడు విలియం స్కోర్స్‌బీ తూర్పు గ్రీన్‌లాండ్ దగ్గర ఆకాశంలో తలకిందులుగా వేలాడుతున్న ఓడ బింబాన్ని దుర్భిణితో చూసి, అది తన తండ్రి ఓడ ఫేమ్ అని గుర్తుపట్టాడు. ఆ ఓడ అప్పుడు దాదాపు 30 మైళ్ల దూరంలో, కంటికి అందే దిగంతానికి ఎంతో అవతల ఉందని తరవాత సరిచూసుకున్నాడు. అలాంటి బింబాలను బొమ్మలుగా గీసి వివరించాడు కూడా. అంటే, ఆ సముద్రాల్లో కంటికి కనబడినదానికీ అక్కడ ఉన్నదానికీ తేడా రావడం మామూలే. రాస్ కన్ను కూడా అలాంటి బింబాన్నే చూసి ఉండవచ్చు. దాన్ని కొండ అని తీర్పు చెప్పడంలో తప్పుంది, వెంట ఉన్న అధికారులను అడగకుండా ఓడ తిప్పడంలో ఇంకా పెద్ద తప్పుంది. ఎక్కడినుంచి, ఏ దిక్కుగా, ఏ గంటలో చూశాడో చిత్రంతో సహా చెప్పాడు గనుకనే పారీ నేరుగా ఆ చోటికే వెళ్లి ఏడాది తిరక్కముందే తప్పు తేల్చగలిగాడు.

దీనికి ఎదురుగా మరో లేని భూమి కథ పెట్టి చూస్తే తేడా స్పష్టమవుతుంది. 1906లో అమెరికన్ యాత్రికుడు రాబర్ట్ పీరీ, ఉత్తరాన దూరంగా తెల్లటి శిఖరాలు చూశానని చెప్పి, తన యాత్రకు డబ్బిచ్చిన జార్జ్ క్రోకర్ పేరిట ఆ భూమికి క్రోకర్ లాండ్ అని పేరు పెట్టాడు. 1914లో డోనాల్డ్ మాక్‌మిలన్ బృందం మంచు మీద నడిచి వెళ్లి చూస్తే అక్కడ సముద్రపు మంచు తప్ప ఏమీ లేదు. వాళ్లకు కూడా ముందు కొండల్లాంటి ఎండమావే కనబడింది. పీరీ ఆ రోజుల్లో రాసుకున్న డైరీలో మాత్రం ఆ భూమి ఊసే లేదని తరవాతి పరిశోధకులు గుర్తించారు. రాస్ పొరపాటు నిజాయితీగా చేసినదని మనం అనగలుగుతున్నాం, పీరీ విషయంలో ఆ మాట అనలేకపోతున్నాం. చూసిన చోట, చూసిన పూట పుట్టిన కాగితం తప్పును ఆపలేకపోవచ్చు. పొరపాటుకీ కల్పనకీ మధ్య గీత గీయడానికి మాత్రం అంతకంటే గట్టి ఆధారం లేదు.

గీసినవాడికే అర్థంకానిది చిత్రంలో చిక్కితే దాని విలువ ఇంకా పెరుగుతుంది. పారీ ఓడలు 1819–20 చలికాలమంతా మెల్విల్ ద్వీపంలోని వింటర్ హార్బర్‌లో మంచులో ఇరుక్కుని ఉండిపోయాయి. 1820 ఏప్రిల్ 8న సూర్యుడి చుట్టూ వలయాలు, పక్కన దొంగ సూర్యుళ్లు, పైన వంపులు కనబడ్డాయి. పారీ వాటి అమరికను గీసి పెట్టాడు. ఆకాశంలోని మంచు స్ఫటికాల గుండా వెలుగు విరిగితే సూర్యుడికి 22 డిగ్రీల దూరంలో వలయం ఏర్పడుతుందన్నది అప్పటికే కొంత తెలిసిన సంగతి. ఆ వలయం మీద చిన్న వంపు ఒకటి మాత్రం లెక్కకు అందలేదు. పారీ దాన్ని చక్కదనం కోసం చెరిపేయలేదు, ఉన్నచోటే ఉంచాడు. ఆరుముఖాల స్ఫటికాలు అడ్డంగా పడి, రెండు ముఖాలు నేలకు సమాంతరంగా తేలుతున్నప్పుడే ఆ వంపు కనబడుతుందని తరవాతి కాలపు భౌతికశాస్త్రం తేల్చింది. ఇవాళ దాన్ని పారీ వంపు అనే అంటారు. తెలిసినదాన్నే గీసే చెయ్యి ఇలాంటిది గీయలేదు. కనబడినదాన్ని గీసే చెయ్యే గీస్తుంది.

రెండో ఆక్షేపణ కళాచరిత్రకారులది. వాళ్ల మాట ఇది: ఈ అధికారులంతా ఆనాటి ఇంగ్లండ్ అభిరుచిలో మునిగినవాళ్లు, ఎడ్మండ్ బర్క్ 1757లో భయంలోని గాంభీర్యాన్ని సిద్ధాంతం చేసినప్పటినుంచీ ఎత్తయిన కొండ ముందు చిన్న మనిషిని నిలబెట్టడం ఒక అలవాటు, వాళ్లు చూసింది మంచును కాదు, తాము ముందే నేర్చుకున్న బొమ్మను. ఇందులో నిజం ఉంది. ఓడను చుక్కంత చేసి కొండను ఆకాశమంత చేసే కూర్పు ఈ చిత్రాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అయితే అభిరుచి కూర్పును నడిపిస్తుంది, కొలతను కాదు. జేమ్స్ క్లార్క్ రాస్ 1841 జనవరి చివరలో ఎరెబస్, టెర్రర్ ఓడలతో దక్షిణాన 77 డిగ్రీలు దాటిన చోట పొగలు కక్కుతున్న అగ్నిపర్వతాన్ని చూశాడు. టెర్రర్ సెకండ్ మాస్టర్ జాన్ ఎడ్వర్డ్ డేవిస్ దాన్ని నీటిరంగుల్లో వేశాడు. మంచు కప్పిన కొండ నెత్తిన పొగ, కింద చిన్న ఓడలు, చూడగానే గగుర్పాటు కలిగించే దృశ్యం. ఆ కొండ ఎత్తు 12,400 అడుగులని రాస్ లెక్కగట్టాడు. ఈనాటి కొలత 3,794 మీటర్లు, అంటే సుమారు 12,450 అడుగులు. ఓడల్లో కోణాలు కొలిచినవాళ్లూ కొండలు గీసినవాళ్లూ ఒకే కొలువులో, ఒకే క్రమశిక్షణలో తయారైనవాళ్లు. అక్కడి గాంభీర్యం చిత్రకారుడు తెచ్చిపెట్టింది కాదు, కొండకు ఉన్నదే.

ఈ ఆక్షేపణలో మరో కొస ఉంది. ఇవన్నీ యూరోపియన్ల కళ్లే కదా, తరతరాలుగా ఆ మంచు మీద బతికినవాళ్లు ఏం చూశారు? ప్రశ్న న్యాయమైనది, జవాబు సగమే దొరుకుతుంది. జాన్ రాస్ 1818 యాత్రలో దుబాసీగా జాన్ సాకియూస్ అనే గ్రీన్‌లాండ్ ఇన్యూట్ యువకుడు ఉన్నాడు. 1816లో తిమింగల వేట ఓడలో స్కాట్లండ్ చేరి, ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ నాస్మిత్ దగ్గర చిత్రకళ నేర్చుకున్నవాడు. 1818 ఆగస్టు 10న వాయవ్య గ్రీన్‌లాండ్ ఇన్యూట్లు, రాస్ బృందం మొదటిసారి ఎదురుపడ్డ ఘట్టాన్ని అతనే వేశాడు. మంచు మీద పూర్తి దర్జా దుస్తుల్లో టోపీలు పెట్టుకున్న అధికారులు, ఎదురుగా బొచ్చు చొక్కాల మనుషులు, కుక్కల బండ్లు, చేతికిచ్చిన అద్దంలో మొహం చూసుకుని ఆశ్చర్యపోతున్నవాళ్లు అందులో కనిపిస్తారు. ఆ ఎముక బండ్ల నిర్మాణం ఎలాంటిదో, మంచు మీదికి పట్టుబట్టల దర్జాతో దిగడం ఎంత విడ్డూరమో రెండూ తెలిసిన మనిషి వేసిన బొమ్మ అది. రాస్ పుస్తకంలో అతని పేరుతోనే అచ్చయింది. యాత్ర మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అతను ఎడిన్‌బరోలోనే జ్వరంతో చనిపోయాడు. ఒక్క చిత్రం ఒక జాతి మొత్తానికి బదులు చెప్పలేదు. ధ్రువచిత్రాల్లో ఒకే చూపు ఉందన్న మాటను కాదనడానికి మాత్రం అది చాలు.

మూడో ఆక్షేపణ రంగు మీద. కాగితం మీది రంగు వెలిసిపోతుంది కదా, రెండువందల ఏళ్ల తరవాత మనకు కనబడే నీలాన్ని పట్టుకుని ఆనాటి ఆకాశం గురించి మాట్లాడటం ఎంతవరకు సబబు? సందేహం సబబే. ఆనాటి రంగుపెట్టెల్లో బూడిద ఛాయలకు ఆధారం చాలావరకు నీలిమందు, అది వెలుతురుకు పాలిపోయే రంగు. బ్రిటన్ ప్రభుత్వం కోసం రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు నీటిరంగుల మీద వెలుతురు ప్రభావాన్ని పరీక్షించి 1888లో ఇచ్చిన నివేదిక నీలిమందు, లక్క ఎరుపుల వంటివి నిలవవని తేల్చింది. అందువల్ల గోడలకు వేలాడిన చిత్రాల రంగును నమ్మలేం. ధ్రువచిత్రాల్లో ఎక్కువభాగం గోడలెక్కలేదు. పుస్తకాల్లో, అట్టపెట్టెల్లో చీకట్లో ఉండిపోయాయి. చీకటీ చలీ రంగును ఎంత కాపాడతాయో చెప్పడానికి అంటార్కిటికాలోని కేప్ అడేర్ గుడిసె చాలు. అక్కడ బూజు పట్టి, పెంగ్విన్ రెట్టలు పడ్డ కాగితాల మధ్య ఒక చిన్న పక్షి నీటిరంగుల బొమ్మ దొరికిందని 2017లో ప్రకటించారు. స్కాట్ యాత్రల డాక్టరు ఎడ్వర్డ్ విల్సన్ 1899లో వేసినది అది. వందేళ్లకు పైగా గడిచినా రంగు నిన్న మొన్న వేసినట్టుంది.

విల్సన్ పేరు వచ్చింది గనుక ఆయన పనితీరు దగ్గర కాసేపు ఆగాలి. రంగు మీది ఆక్షేపణకు అసలు జవాబు అక్కడుంది. ఆయన వెళ్లిన డిస్కవరీ (1901–04), టెర్రానోవా (1910–13) ఓడలకు ఆవిరి యంత్రాలున్నా అవి తెరచాపలెత్తి సాగిన ఓడలే. పాత సంప్రదాయంలో చివరి తరం అది. ఆరుబయట నీళ్లు కుంచె మీదే గడ్డకడతాయి. చేతిజోడు తీస్తే కొద్ది నిమిషాల్లో వేళ్లు మొద్దుబారతాయి. అందుకని విల్సన్ బయట పెన్సిలుతో గీతలు మాత్రమే గీసి, ఆకాశంలో ఒక్కో పట్టీ మీదా, కొండ ఒక్కో నీడ మీదా అక్కడి రంగు ఏమిటో మాటల్లో రాసుకునేవాడు. గుడిసెకు తిరిగొచ్చి ఎసిటిలీన్ దీపం కింద ఆ మాటలను చూసుకుంటూ రంగులు వేసేవాడు. మాట వెలిసిపోదు. పూర్తయిన చిత్రంలో నిమ్మపసుపు పాలిపోయినా, పెన్సిలు కాగితంలో ఆ పేరు అలాగే ఉంటుంది. పక్కపక్కన పెట్టుకుంటే చిత్రం ఎంతవరకు నిలిచిందో తెలిసిపోతుంది. ఈ పనికి ఆయన చెల్లించుకున్న మూల్యమూ తక్కువది కాదు. 1902 డిసెంబరులో స్కాట్, షాకిల్టన్‌లతో దక్షిణంగా నడుస్తూ, ముందెవ్వరూ చూడని పర్వతాల వరసను గంటల తరబడి కళ్లద్దాలు తీసి గీసినందుకు మంచు వెలుతురు కళ్లను కాల్చింది. కళ్లకు గుడ్డ కట్టుకుని స్లెడ్జి బండి లాగాడు. ఆ పెన్సిలు పట్టీలు ఆ పర్వతాల మొదటి రికార్డుల్లో ఒకటయ్యాయి.

అంత కష్టం ఎందుకు, కెమెరా ఉంది కదా అన్నది నాలుగో ఆక్షేపణ. కెమెరా ధ్రువానికి ముందే బయలుదేరింది. 1845లో ఫ్రాంక్లిన్ ఓడల్లో డాగెరోటైప్ పరికరం ఉంది. ఆ ఓడలూ, వాటిలోని 129 మందీ తిరిగిరాలేదు. 1875–76 నేర్స్ యాత్రలో ఫోటోలు తీశారు, అయినా అదే యాత్రలో అలర్ట్ ఓడ డాక్టరు ఎడ్వర్డ్ మాస్ నీటిరంగులు వేస్తూనే ఉన్నాడు. 1878లో అవి రంగుల పుస్తకంగా వచ్చాయి. కారణం సూటిగా ఉంది. ఆనాటి ఫోటో పలకలు ఎరుపును పట్టలేవు, నీలాన్ని మితిమీరి పట్టుకుంటాయి, మసక వెలుతురులో చాలాసేపు తెరిచి ఉంచాలి. ధ్రువంలో ఏడాదిలో ఎక్కువభాగం మసక వెలుతురే. ఆకాశంలో కదిలే అరోరాను మొదటిసారి ఫోటోలో బంధించింది 1892లో నార్వేలో, జర్మనీకి చెందిన మార్టిన్ బ్రెండెల్. అప్పటిదాకా అరోరా ఆకారానికీ రంగుకీ కంటిచూపు, డైరీ, రంగుపెట్టె తప్ప మరో రికార్డు లేదు. కెమెరా రాగానే కుంచె పని అయిపోయిందన్నది తరవాతి కాలపు ఊహ. దాదాపు యాభై ఏళ్లు ఆ రెండూ వేరువేరు పనులు చేశాయి.

ఇంతవరకు సాక్షి తరఫున మాట్లాడాను. సాక్షి నోరు మెదపని చోట్లు కూడా చెప్పాలి. లెఫ్టినెంట్ శామ్యూల్ గర్నీ క్రెస్‌వెల్ ఇన్వెస్టిగేటర్ ఓడలో రెండున్నరేళ్లకు పైగా మంచు మధ్య గడిపి, 1853 ఏప్రిల్ 15న మెర్సీ బే నుంచి నీరసించిన మనుషులతో స్లెడ్జిల మీద బయటపడ్డాడు. 1854లో అచ్చయిన ఆయన ఎనిమిది రంగుల చిత్రాల్లో, 1851 ఆగస్టు 20న మంచు పలకలు ఒరుసుకుని ఓడ పక్కకు ఒరిగిపోయిన దృశ్యం ఇప్పటికీ చూసేవాడి గుండె జలదరింపజేస్తుంది. అదే వరసలో స్లెడ్జి బృందం బయలుదేరే చిత్రమూ ఉంది. ఓడవాళ్లు నెలల తరబడి అరకొర తిండితో, స్కర్వీతో చిగుళ్లు వాచి ఉన్నారన్నది ఆ చిత్రంలో కనబడదు. డాక్టరు దినచర్యలో కనబడుతుంది. ఆకలిని నీటిరంగుల్లో వేయడం ఆ సంప్రదాయంలో లేదు. కొనేవాళ్లూ అది అడగలేదు. చిత్రం ఒక్కటే చూసి ధ్రువయాత్రల చరిత్ర రాస్తే అది వీరగాథగా మారిపోతుంది. దినచర్య ఒక్కటే చూసి రాస్తే ఆ మనుషులు ఏ వెలుతురులో, ఏ ఎత్తుల కింద, ఎంత చిన్నగా బతికారో మనకు తెలియదు.

కాబట్టి తీర్పు ఇలా చెప్పవచ్చు. ధ్రువచిత్రం ఎదురైనప్పుడు అడగాల్సినవి మూడు: గీసినవాడు ఆ చోట ఉన్నాడా, కాగితం ఆ పూటదేనా, అంచుల్లో దిక్కో, అక్షాంశమో, గంటో, రంగుపేరో రాసి ఉందా. మూడింటికీ అవునన్న జవాబు వస్తే, అది ఎంత అసంపూర్ణంగా ఉన్నా లాగ్‌బుక్కు పక్కన కూర్చోబెట్టాలి. ఒక్కటీ రాకపోతే, అది ఎంత గొప్ప చిత్రమైనా కళ గురించి మాట్లాడేటప్పుడే వాడుకోవాలి. మ్యూజియంలు చాలాకాలం పూర్తయిన చిత్రాలను గోడకెక్కించి, గీతలూ రాతలూ నిండిన చిత్తు కాగితాలను పెట్టెల్లో ఉంచాయి. చరిత్రకారుడికి కావలసినవి ఆ పెట్టెల్లోనే ఉన్నాయి.

(ఇంకా ఉంది)